సర్దుకోని కార్డు

"నీకు కొత్తదెందుకు? కొత్తది నేను తీసుకుంటా, నాది నీకిచ్చేస్తాలే," అన్నాడు భర్త, కంచం ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటూ.

ఆమె అప్పుడు అడుగంటిన పాలగిన్నె తోముతోంది. పీచు పెట్టి ఎంత రుద్దినా మాడు వదలడం లేదు. ఆయన ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ఇందులో కోపం తెచ్చుకోవడానికి ఏముందని ఎవరైనా అడుగుతారు. నిజమే, ఏముంది? ఇవ్వనన్నాడా? ఇస్తాననే అన్నాడు మహానుభావుడు.

ఆ ఇంట్లో పద్ధతే అంత. వస్తువులు ఆయన దగ్గర మొదలై, ఒక్కో మెట్టూ దిగుతూ ఆమె దగ్గరికొచ్చి ఆగుతాయి. ఆయన కొత్త ఫోన్ కొంటే పాతది ఆమెకి. పొద్దున ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికల్లా చచ్చేది, ఆఫీసులో ఎవరి ఛార్జరో అడుక్కోవాలి. ఆయన కుర్చీకి ఒక చక్రం ఊడితే ఆ కుర్చీ ఆమెకి. ఇయర్‌ఫోన్లలో ఒక వైపు మూగబోతే, "నీకు ఒక చెవి చాలు, రెండోది మా అమ్మ పిలిస్తే వినపడ్డానికి ఉండాలిగా" అని నవ్వుతూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కూడా నవ్వింది. అప్పట్లో ఆమె చాలావాటికి నవ్వేది. "ఏదీ వృథా కాకూడదమ్మాయ్, ఇది మా ఇంటి పద్ధతి," అనేది అత్తగారు. వృథా కాకూడదన్నది మంచి మాటే, కాదనేవాళ్ళెవరు? కాకపోతే ఆ మంచితనమంతా ఒక్క మనిషి నెత్తిన పడుతుంటే, ఆ మనిషికి ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. ఆమె అడగనూ లేదు. అడిగితే వచ్చే జవాబు ఆమెకి తెలుసు. నీకేం లోటు చేశాం, అంటారు.

ఆ కంప్యూటర్ కూడా అలా దిగొచ్చిందే. ఆయన ఆఫీసులో మూల పడేసిన చిన్న డబ్బా. ఆయన కొన్నాళ్ళు వాడి, తనకోసం గాజు పలక, లోపల లైట్లు ఉన్న పెద్దది కొనుక్కుని, దీన్ని తెచ్చి అత్తగారి గదిలో పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సెలవెవరు పెట్టాలన్న మాటే ఇంట్లో రాలేదు. ఆమే జీతం లేని సెలవు పెట్టింది. మంచం మీద మనిషిని తిప్పడం, తుడవడం, బెడ్‌పాన్ కడగడం, మందులు మింగించడం, మింగనని మొండికేస్తే బతిమాలడం. గది దాటి పోవడానికి లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం, అత్తగారికి కునుకు పట్టిందని చూసి, డబ్బాలో ఆయన వదిలేసిన ఆట ఒకటి తెరిచింది. తెరవగానే ఎవడో పొడిచేస్తే ఆటలో చచ్చిపోయింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ చచ్చింది. మూడోసారి ఒక గోడ వెనక నక్కి, వచ్చేవాడి కాళ్ళ చప్పుడు విని, ఎదురెళ్ళి పొడిచేసింది. ఆ రోజు సాయంత్రం గిన్నెలు తోముతుంటే తనలో తానే నవ్వుకుంది, అది మాత్రం ఎవరికోసమూ నవ్విన నవ్వు కాదు.

అత్తగారు లేచి కర్ర పట్టుకుని నడవడం మొదలెట్టింది, ఆమె మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలెట్టింది, ఆట మాత్రం ఆగలేదు. ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చాక ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ ఆమె పేరు పిడుగు. జట్టులో నలుగురూ ఆడవాళ్ళే, ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అందరికంటే పెద్దావిడ తాబేలక్క, నర్సుగా చేసి రిటైరైన మనిషి. జట్టుకి కెప్టెన్ పిడుగే. పిడుగు "ఎడమకి" అంటే ముగ్గురూ ఎడమకి తిరుగుతారు. "ఆగండి" అంటే ఆగుతారు. ఎందుకు అని అడగరు, నీకేం తెలుసు అని అసలే అనరు. గ్యాసు అయిపోవచ్చిందని పదిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కని ఇంట్లో ఉండే మనిషికి ఇదెంత మత్తో చెప్పనక్కర్లేదు. ఈసారి వాళ్ళు పోటీలో చివరి ఆట దాకా వచ్చారు. పెద్ద పోటీ కాదు, బహుమతి కూడా లేదు. కెప్టెన్ రాకపోతే మాత్రం జట్టు తప్పుకోవాలి.

ఆ ఆటకి సరిగ్గా రెండు వారాల ముందు డబ్బాలోని గ్రాఫిక్స్ కార్డు కొండెక్కింది. తెర మీద బొమ్మని కదిలించేది అదే. ముందు ఊదారంగు గీతలొచ్చాయి, తర్వాత తెరంతా నల్లబడింది. హెడ్‌ఫోన్స్‌లో తాబేలక్క "పిడుగమ్మా, ఎక్కడున్నావ్, పిడుగమ్మా" అని పిలుస్తూనే ఉంది. ఆమె అక్కడే ఉంది, పలికింది కూడా. కానీ తెర నల్లబడ్డాక అక్కడున్నా లేనట్టే.

ఆ మాట చెప్తేనే భర్త కంచం ముందు కూర్చుని తన పాతది ఇస్తానన్నాడు.

"మీది నా డబ్బాలో పట్టదు. పొడుగెక్కువ. పైగా దానికి కావల్సిన కరెంటు నా దాంట్లో రాదు," అంది ఆమె, గిన్నె కడుగుతూనే.

"ఆఁ, ఆఁ," అన్నాడు. ఫోన్‌లో ఎవరో ఏదో పంపినట్టున్నారు, నవ్వుకున్నాడు.

"నాకు బోనస్ వచ్చింది కదా, దాంతో నేనే కొనుక్కుంటా."

"సరే చూడు. మంచి డీలైతే తీసుకుందాం." కొనుక్కుంటా అన్నది తీసుకుందాం అయిపోవడం ఆమె గమనించింది. అయినా పోనీలే అనుకుంది. పోనీలే అనుకోవడం ఆమెకి ఊపిరి పీల్చుకున్నంత సులువు.

ఇక చదవడం మొదలెట్టింది. ఆ ఇంట్లో ఏ వస్తువు కొన్నా చదివేది ఆమే. ఫ్రిజ్‌కి చదివింది, వాషింగ్ మెషీన్‌కి చదివింది, అత్తగారి నడుముకి పరుపు ఏది మంచిదో చదివింది, కూతురిని ఏ కాలేజీలో వేయాలో చదివింది. ఆమె చదివి చెప్పిందే ఆయన వెళ్ళి తెచ్చేవాడు, వచ్చినవాళ్ళకి "నేను చూసి తెచ్చా" అని చెప్పేవాడు. వాళ్ళు ఆయన తెలివిని మెచ్చుకుంటుంటే ఆమె టీ అందించేది. ఈసారి చదువుతుంటే మొదటిసారి తనకోసం చదువుతున్నట్టనిపించి ఉత్సాహంగా ఉంది. కొత్తగా వచ్చినవాటికి పేరు ఎక్కువ, పనితనం అంతంత మాత్రం. చవగ్గా దొరికే పాతవి రాత్రింబవళ్ళు తిప్పి అరగదీసినవై ఉంటాయి. పోయినేడాది వచ్చిన మధ్యరకంలో రెండు ఫ్యాన్ల కార్డొకటి ఉంది, పొట్టిది, కరెంటు తక్కువ తాగుతుంది, ధరకి తగ్గ సరుకు. డబ్బా మూత తీసి, బట్టలు కొలిచే టేపుతో లోపల కొలుచుకుంది. మంచం మీంచి అత్తగారు చూసి, "ఏమే, దానికి చొక్కా కుడతావా ఏంటి?" అంది. ఆమెకి నవ్వొచ్చింది. అత్తగారి హాస్యం అప్పుడప్పుడూ బాగుంటుంది, కాకపోతే అది కూడా మంచం మీంచి లేవకుండానే.

ఒక్క అనుమానం తీరక ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతన్ని అడిగింది. "మీ అబ్బాయికా మేడమ్?" అన్నాడు. ఆమెకి అబ్బాయి లేడు. ఉన్న ఒక్క కూతురు హాస్టల్లో ఉంది, దానికి ఆటలంటే పడదు. నాకే అంది. అతను పక్కవాడి వైపు చూశాడు, ఇద్దరి పెదాలూ కొంచెం కదిలాయి. "మీకెందుకు మేడమ్, ముక్కలాటకి కార్డు అక్కర్లేదు," అన్నాడు. ఆ సాయంత్రం మీటింగులో మేనేజరు అందరి ముందూ ఆమె వైపు తిరిగి, "మేడమ్, రేపటి పుట్టినరోజు కేకు సంగతి మీరే చూడండి, మీకైతే తెలుస్తుంది," అన్నాడు. గదిలో డజను మంది ఉన్నారు. కేకు కోయడం తెలిసింది ఆమె ఒక్కతేనన్నమాట.

దుకాణానికి తానొక్కతే వెళ్తానంది. "నువ్వొక్కదానివే వెళ్తే ఏదో అంటగట్టేస్తారు," అని భర్త కూడా బయల్దేరాడు. మెట్లెక్కి వెళ్ళాలి, ఇరుకు దుకాణం, గోడలనిండా అట్టపెట్టెలు, పెట్టెల మీద మండుతున్న డేగల బొమ్మలు. ఆమె తనకి కావల్సిన కార్డు పేరు చెప్పింది. దుకాణదారు విన్నాడు, విని ఆయన వైపు తిరిగాడు.

"సార్ ఏ గేమ్స్ ఆడతారు?"

"ఏదో, కార్ల రేసు," అన్నాడు భర్త. వారానికోసారి అరగంట ఆడతాడు, ఆ కారు కూడా ఎప్పుడూ గోడకే గుద్దుతుంది.

"అయితే మీకిది చూపిస్తా సార్." మూడు ఫ్యాన్లది, రంగురంగుల లైట్లది, ఇటుకంత మందం ఉన్నది తీసి బల్ల మీద పెట్టాడు. భర్త కళ్ళు మెరిశాయి.

"నేనడిగింది అది కాదు. అది పొడుగు, నా దాంట్లో పట్టదు. ధర రెట్టింపు, పని మాత్రం నేనడిగినదానికంటే కాస్తే ఎక్కువ," అంది ఆమె.

"మేడమ్ బాగా లెక్క చూసే మనిషి సార్. అదృష్టవంతులు, ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే ఖర్చు తగ్గుతుంది," అన్నాడు దుకాణదారు. ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి ఆమె అడిగిందే తీసి బల్ల మీద పెట్టాడు. డబ్బు ఆమె ఇచ్చింది. వారంటీ కాగితం రాయడానికి పెన్ను తీసి, "సార్ పేరు, నంబరు?" అన్నాడు.

"నా పేరు రాయండి," అంది.

"ఎవరి పేరైతే ఏముంది మేడమ్, ఇంట్లోకేగా?" ఈలోగా భర్త తన నంబరు చెప్పేశాడు. ఎవరి పేరైనా ఒకటే అయినప్పుడు ఎప్పుడూ ఆయన పేరే ఎందుకు పడుతుందో, ఆ మాట నోటిదాకా వచ్చింది. మెట్లు దిగుతుంటే ఒళ్ళు మండిపోతోంది. అయినా పెట్టె ఆమె చేతిలో ఉంది. గుండెకి ఆనించి పట్టుకుంది. ఎన్నేళ్ళయిందో, అట్టపెట్టెలో వచ్చిన కొత్త వస్తువు తనదని పట్టుకుని.

ఇంటికొచ్చాక, "టీ పెట్టు, తల పగిలిపోతోంది," అన్నాడు భర్త. పెట్టె హాల్లో బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆయనకి పంచదార వేసి, అత్తగారికి పంచదార లేకుండా టీ పెట్టి, రెండు కప్పులూ పట్టుకుని తిరిగి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. కింద నేల మీద ఆయన పాత కార్డు పడుంది, ఫ్యాన్ల నిండా బూజుతో. కొత్తది గాజు పలక వెనక తిరుగుతోంది.

"అదేంటండీ?" అంది.

"సూపర్‌గా ఉంది కదా? మంచి సరుకు తెచ్చాం. నాది నువ్వు పెట్టేసుకో. నీ ఆటకేముంది, కత్తులు తిప్పుకోవడమేగా, అది చాలు."

"పట్టదని చెప్పాను కదా."

"ఎందుకు పట్టదు? ఇటు తే." ఆ పాత కార్డు పట్టుకుని వెళ్ళి ఆమె డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. నిలువుగా దూర్చాడు. ఏటవాలుగా దూర్చాడు. బోర్లా తిప్పి చూశాడు. కార్డు సగం లోపల, సగం బయట. డబ్బాలోని ఇనపరేకుని చేత్తో వంచబోయాడు, వేలు గీసుకుంది. "ఛీ, ఏం డబ్బా ఇది," అని లేచి, వేలు నోట్లో పెట్టుకుని, "సర్దుకో కొన్నాళ్ళు. వచ్చే బోనస్‌కి పెద్ద డబ్బా కొనుక్కుందువుగాని," అన్నాడు. అదీ ఆమె బోనస్సే.

ఆయన వెళ్ళిపోయాక ఆమె ఆ డబ్బా ముందు చాలాసేపు కూర్చుంది. లోపల కార్డు అడ్డంగా ఇరుక్కుని అలాగే ఉంది. చూస్తుంటే ఆమెకి కోపం ఎలా వచ్చిందంటే, కాళ్ళనుంచి మొదలై చెవులదాకా పాకింది. ఇంతకాలం ఈ ఇంట్లో ఏది దిగొచ్చినా అది ఆమె దగ్గర ఇమిడిపోయింది. అది ఇమిడిపోయిందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. నిజానికి ఒక్క వస్తువూ ఇమడలేదు. ఇమిడింది తను. చక్రం లేని కుర్చీకి నడుం వంచి కూర్చుంది, మూగ ఇయర్‌ఫోన్‌కి ఒక చెవితో విన్నది, చచ్చిన బ్యాటరీకి తన రోజునే మార్చుకుంది. ఇప్పుడు ఒక ఇనప ముక్క, నోరూ వాయీ లేనిది, నేను దూరను పొమ్మంది. అంతటి మనిషీ దాన్ని ఏం చేయలేక వేలు చీక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఇనప ముక్కకున్న పౌరుషం ఇన్నేళ్ళూ నాకెందుకు లేకపోయింది అనుకుంది. ఆయన మీద వచ్చినంత కోపమూ ఆమెకి తన మీద కూడా వచ్చింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. ఇంకా మండుతూనే ఉంది.

పోనీ ఆయనకి ఆ కొత్త కార్డుతో పెద్ద లాభం ఉందా అంటే అదీ లేదు. ఆయన పాతదానికీ దీనికీ తేడా ఆయన కంటికి ఆనదు. కొత్తది కాబట్టి కావాలి. కొత్తది ముందు తనకి రావాలి కాబట్టి కావాలి, అంతే.

"ఆదివారం మధ్యాహ్నం నాకది కావాలి. చివరి ఆట," అని చెప్పింది, ఆయన స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటుంటే.

"ఆదివారమా? మా ఆఫీసాయన వస్తానన్నాడు, చూపించాలి. చూద్దాంలే, ఖాళీ అయితే నా దాంట్లోనే కూర్చుని ఆడుకుందువు. పిల్లలాటకి అంత ఆరాటమేంటి నీకు?"

ఆదివారం ఆ ఆఫీసాయన వచ్చాడు, మర్యాదస్తుడు, చెప్పులు వరసగా విప్పి మరీ కూర్చున్నాడు. వంట చేసి, వడ్డించి, గిన్నెలు సర్ది, ఆమె టీ కప్పులు పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వచ్చేసరికి భర్త కార్ల రేసు పెట్టి చూపిస్తున్నాడు. కారు గోడకి గుద్దింది, గుద్దినా గోడ చక్కగా, ఇటుక ఇటుకా కనిపించింది.

"మార్కెట్లో అంతా దోపిడీ అండీ. నేను రెండు వారాలు కూర్చుని చదివా. దుకాణంవాడు పెద్దది అంటగట్టబోయాడు, నేనొప్పుకోలేదు. ధరకి తగ్గ సరుకంటే ఇదే," అన్నాడు భర్త.

"మీరు చూస్తే తిరుగుండదు లెండి," అన్నాడు వచ్చినాయన.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. కప్పులు అందించలేదు. వంటింట్లోకి వెళ్ళి సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని వచ్చింది. భర్త పక్కన నిలబడి, వంగి, ఆటని మూసి, కంప్యూటర్ ఆపింది. ప్లగ్ పీకింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు భర్త.

ఆమె గాజు పలక తీసి గోడకి ఆనించింది. వెనక మర విప్పింది. వైరు ఊడదీసింది. కార్డు చివర ఉన్న చిన్న మీట నొక్కి, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పైకి లాగింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఏమైందండీ, పాడైందా?" అన్నాడు వచ్చినాయన, కంగారుగా.

"ఏం లేదండీ, ఇది నాది. తీసుకెళ్తున్నా. టీ చల్లారిపోతుంది, తాగండి," అంది ఆమె.

భర్త మొహం కందగడ్డలా అయింది. పరాయి మనిషి ముందు అరవలేడు, అరిస్తే పరువు పోతుంది. "సిస్టమ్‌లో ఏదో ప్రాబ్లం. ఇవన్నీ తనే చూస్తుందిలెండి," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమె గురించి పదిమందిలో చెప్పిన మొదటి నిజం అదేనేమో, అది కూడా పరువు కోసం చెప్పాడు.

ఆమె గదిలోకి వెళ్ళి డబ్బా ముందు కూర్చుంది. అడ్డంగా ఇరుక్కున్న పాతదాన్ని లాగి పక్కన పడేసింది. కొత్తది ఎక్కడా రాయకుండా, ఎవరూ బలవంతం చేయకుండా, తన చోట్లోకి వెళ్ళి కూర్చుంది. మంచం మీద పడుకున్న అత్తగారు ఒక కన్ను తెరిచింది.

"వాడి దాంట్లోంచి పీకావా?"

"నాదే అత్తయ్యా."

"గొడవ చేస్తాడే."

"చేస్తాడు."

అత్తగారు తెరిచిన కన్ను మళ్ళీ మూసుకుంది. "ఫ్యాను కాస్త పెంచు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

తెర వెలిగింది. ఊదా గీతల్లేవు, మసకల్లేవు, కోట గోడల మీద గడ్డి పరకలు కూడా ఊగుతూ కనిపించాయి. ఈలోగా భర్త గుమ్మంలోకి వచ్చాడు. హాల్లోకి వినపడకుండా పళ్ళ బిగువున మాట్లాడుతున్నాడు.

"నా పరువు తీశావ్ కదే. ముందు అది తెచ్చి పెట్టు. అతను కూర్చుని ఉన్నాడక్కడ. నీ ఆటవాళ్ళకి చెప్పు, ఇవాళ కుదరదని."

"ఆయనకి చెప్పండి, ఇవాళ కుదరదని," అంది ఆమె.

కుర్చీలోంచి లేచింది. దారికొచ్చింది అనుకున్నాడు కాబోలు, భర్త అడుగు వెనక్కి వేసి దారిచ్చాడు. ఆమె తలుపు మూసి గడియ పెట్టింది. ఆ ఇంట్లో అంతవరకూ పట్టపగలు ఆమె లోపల్నుంచి గడియ పెట్టిన గది బాత్రూం ఒక్కటే. గడియ బిగుసుకుపోయి ఉంది, అరచేత్తో కొడితే గానీ పడలేదు. వచ్చి కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"పిడుగు వచ్చింది," అంది మైకులో. "ఎవరెక్కడున్నారో చెప్పండి."

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. ఇంక రావనుకున్నాం అన్నారు, ఇంకో రెండు నిమిషాలైతే మన జట్టు పేరు కొట్టేసేవాళ్ళు అన్నారు. అంతలో తలుపు దబదబలాడింది. ఒకసారి, రెండోసారి, ఆపకుండా. ఆ చప్పుడు మైకులోంచి అవతలికి కూడా వెళ్ళింది.

"పిడుగమ్మా, మీ ఇంట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టుందే," అంది తాబేలక్క. "వెళ్ళి చూసొస్తావా? ఆగుతాంలే."

ఆమె తలుపు వైపు చూడలేదు.

"అలవాటు పడతారక్కా," అంది. "మొదలెట్టండి."